షోరూమ్ ఆర్డర్ కోసం అమ్మ నగలు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో పూల డిజైనింగ్ స్టూడియో నడుపుతున్నాను. మొదట్లో పెళ్లి మండపాలు చేసేదాన్ని. నాలుగేళ్లుగా పెర్ఫ్యూమ్, వాచీలు, నగల బ్రాండ్ల షోరూమ్‌లకు తాజా పూలు, ఆకులతో డిస్‌ప్లేలు చేస్తున్నాను. అమ్మ, పాప నాతోనే ఉంటారు. ఇంటి ఖర్చు నెలకు 48 వేలు. స్టూడియో అద్దె, ఇద్దరు కుర్రాళ్ల జీతాలు కలిపి 52 వేలు. బ్యాంకులో 3.1 లక్షలున్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 1.4 లక్షలు. ఈవెంట్ ఏజెన్సీల నుంచి 7.2 లక్షలు రావాలి. ఇప్పుడు ఒక పెద్ద నగల బ్రాండ్ కొత్త షోరూమ్‌కు 18 లక్షల ఆర్డర్ వచ్చింది. 25 శాతం అడ్వాన్స్, మిగతాది 90 రోజులకు ఇస్తామంటున్నారు. ఖర్చు 11 లక్షలవుతుంది. తక్కువ పడే 6.5 లక్షల్లో 4 లక్షలు అమ్మ నగల మీద, మిగతాది లోన్ యాప్‌లో తీసుకుందామనుకుంటున్నాను. చేతిలో ఉన్న 3.1 లక్షలు పాప చదువు కోసం ఎందులో పెట్టాలి సార్?

జవాబు: మీ పనితనం మీద నాకు అనుమానం లేదు. అంత పెద్ద బ్రాండ్ మిమ్మల్ని పిలిచిందంటేనే తెలుస్తోంది. కానీ పెళ్లి డెకరేషన్ల నుంచి కంపెనీల పనికి మారిన చాలామంది చేసే పొరపాటే మీరూ చేస్తున్నారు. రావాల్సిన బిల్లును వచ్చేసిన డబ్బులా లెక్కేస్తున్నారు. పెళ్లివాళ్లు ముహూర్తం లోపే చాలావరకు చేతిలో పెట్టేస్తారు. కంపెనీ బిల్లుకు ముహూర్తం ఉండదు.

గుడిమల్కాపూర్ మార్కెట్లో మీకు పూలు ఇచ్చేవాళ్లు 90 రోజులు ఆగరు కదా. థాయ్‌లాండ్ ఆర్కిడ్ల పెట్టె మీరు రోజూ తెరిచేదే. ఒక్కో కాడ చివర నీళ్లు నింపిన చిన్న గొట్టం తొడిగి ఉంటుంది. హైడ్రాంజియాకు నీళ్లు అందకపోతే పూట తిరక్కుండానే తల వాల్చేస్తుంది. రేకు అంచు కాస్త గోధుమ రంగుకు తిరిగినా షోరూమ్ మేనేజర్ మార్చమంటాడు, ఆ ఖర్చు మీ మీదే పడుతుంది. రెండు నెలల ముందు కొటేషన్ ఇచ్చి, పని శ్రావణ శుక్రవారాల్లో పడితే పూల ధర ఎక్కడికి పోతుందో నాకంటే మీకే బాగా తెలుసు. మీ 11 లక్షల అంచనాలో వీటికి ఎంత వదిలారు?

ఇంకొకటి పూర్తిగా మర్చిపోయారు. 18 లక్షల మీద 18 శాతం జీఎస్‌టీ అంటే 3.24 లక్షలు. బ్రాండ్ డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, బిల్లు వేసిన మరుసటి నెలలో మీరు అది కట్టాలి. తాజా పూల కొనుగోలు మీద జీఎస్‌టీ లేదు కాబట్టి తగ్గించుకునేదీ పెద్దగా ఉండదు. అంటే తక్కువ పడేది 6.5 లక్షలు కాదు, 9.74 లక్షలు. అప్పుడు మరో యాప్ వెతుకుతారా? వడ్డీతో పాటు ప్రాసెసింగ్ ఫీజూ గుంజే యాప్ అప్పును వాడిపోయే సరుకు మీద పెట్టడం ఏం లెక్కో నాకు అర్థం కాదు. దయచేసి ఆ యాప్ ఫోన్లోంచి తీసేయండి. అమ్మ నగలు బీరువాలోనే ఉండనివ్వండి.

ముందు కార్డు బాకీ. నెలకు 3.5 శాతం వేసుకున్నా 4,900 రూపాయలు వడ్డీకే పోతోంది. చేతిలో ఉన్న డబ్బుతో ఈ రోజే తీర్చేయండి. 1.7 లక్షలు మిగులుతాయి.

ఇల్లు, స్టూడియో కలిపి నెలకు లక్ష ఖర్చు. మీకు ఆరు నెలల అత్యవసర నిధి, అంటే 6 లక్షలు కావాలి. మూడు నెలలది సరిపోదా అని అడుగుతారేమో. ఉద్యోగులకైతే సరే. మీకు ఆషాఢం ఉంది, మౌఢ్యమి ఉంది, వాటి పైన బిల్లు ఆపే ఏజెన్సీలున్నాయి. రావాల్సిన 7.2 లక్షలు ముక్కలుగా వచ్చినా సరే, ముందు 4.3 లక్షలు ఈ నిధిలోకే పోవాలి. స్టూడియో కరెంట్ ఖాతాలో కాదు, వేరే బ్యాంకులో ఎప్పుడైనా తీసుకోగలిగే డిపాజిట్‌గా పెట్టండి. ఆర్డర్ ఎంత ఊరించినా అందులోంచి ఒక్క ఆర్కిడ్ కొనకండి. పాప స్కూల్ ఫీజు కట్టాల్సిన వారంలో ఏజెన్సీ ఫోన్ ఎత్తకపోతే మిమ్మల్ని కాపాడేది అదే.

ఇక ఆర్డర్ సంగతి. సగం అడ్వాన్స్, పూలు కొనే ముందు రోజు ఇంకో 25 శాతం, మిగతాది 30 రోజుల్లో ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. అప్పుడు పని అయ్యేలోపే 13.5 లక్షలు వస్తాయి. జీఎస్‌టీతో కలిపి ఖర్చు 14.24 లక్షలు కాబట్టి తక్కువ పడేది 74 వేలే. పాత బాకీల్లో నిధికి పోగా మిగిలే 2.9 లక్షల్లోంచి అది సర్దుకోవచ్చు. ఈ ఆర్డర్ ఒప్పుకోకముందే చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి, దానికి ఫీజు లేదు. చిన్న సంస్థల బిల్లు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు దాటకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతోంది. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ ఇవ్వాలి. గడువు దాటించిన బిల్లును ఆ కంపెనీ, డబ్బు చెల్లించేదాకా ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోలేదు కూడా. వాళ్ల అకౌంట్స్ విభాగానికి ఇది బాగా తెలుసు. అందుకే ఏజెన్సీ పేరున కాకుండా నేరుగా బ్రాండ్ పేరున బిల్లు వేయగలిగితే మంచిది.

అయినా 90 రోజులే అంటే ముఖద్వారం ఒక్కటీ చేస్తామనండి. దానికీ ఒప్పుకోకపోతే వదులుకోండి.

పాప చదువుకు సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత పెట్టడం) అత్యవసర నిధి నిండాకే మొదలుపెట్టండి. ముగ్గురికీ ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోతే ఈ నెలే తీసుకోండి. నిచ్చెనెక్కి పూలు కట్టే ఆ కుర్రాళ్లిద్దరికీ ప్రధానమంత్రి సురక్షా బీమా చేయించండి. ఏడాదికి 20 రూపాయలే, 2 లక్షల ప్రమాద బీమా ఉంటుంది.