కోచ్ బెంచ్ మీద కూర్చోబెడితే స్కాలర్‌షిప్ పోయినట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఒక డివిజన్ టూ యూనివర్సిటీలో టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద రెండో సంవత్సరం చదువుతోంది. ఖర్చులో అరవై శాతం వాళ్లు భరిస్తున్నారు. నిరుడు నాలుగో స్థానంలో ఆడింది. ఈ సీజన్లో వరసగా ఓడిపోతుంటే కోచ్ ఆరో స్థానానికి దించాడు, గత మూడు మ్యాచ్‌లకి అసలు ఆడించలేదు. నేను ప్రతి మ్యాచ్ స్కోరూ లైవ్‌లో చూస్తాను, అవగానే ఫోన్ చేసి ఎక్కడ తప్పు జరిగిందో చెప్తాను. అయినా మార్పు లేదు. స్కాలర్‌షిప్ తీసేస్తారా? వీసా ఏమవుతుంది? నేనే కోచ్‌తో మాట్లాడితే మంచిదా? మా బాబుకి పద్నాలుగేళ్లు, వాడూ టెన్నిస్ ఆడతాడు. వాణ్నీ ఇదే దారిలో పంపాలా, చదువు మీద వచ్చే స్కాలర్‌షిప్‌కి ప్రయత్నించాలా? రెండూ పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఈ విద్యా సంవత్సరం డబ్బు ఎక్కడికీ పోదు. స్కాలర్‌షిప్ అగ్రిమెంట్లో రాసిన కాలం మొదలయ్యాక, ఓడిపోతోందనో, ఆట తగ్గిందనో, దెబ్బ తగిలిందనో మధ్యలో కోత పెట్టడానికి ఎన్‌సీఏఏ (అమెరికాలో కాలేజీ ఆటల్ని నడిపే సంఘం, కాలేజీల్ని డివిజన్ వన్, టూ, త్రీ అని విడదీసేది ఇదే) నిబంధనలు ఒప్పుకోవు. మధ్యలో తీసేయడానికి వేరే కారణాలు ఉండాలి. చదువులో అర్హత పోవడం, కాగితాల్లో అబద్ధం చెప్పడం, తీవ్రమైన క్రమశిక్షణ తప్పు, ఇంకా, తనంతట తాను టీమ్ వదిలేయడం.

ఈ చివరిదాని కింద ఎర్ర పెన్నుతో గీత గీసుకోండి. ఇన్నేళ్లలో నేను చూసిన గొడవల్లో కోచ్ తీసేసినవాటికంటే పిల్లలు ఏడుస్తూ 'ఇంక నేను ఆడను' అని మెసేజ్ పెట్టేసినవే ఎక్కువ. ఆ ఒక్క మెసేజ్‌తో, తీసేయడానికి వీల్లేని స్కాలర్‌షిప్ తీసేయదగ్గదైపోతుంది. మీ అమ్మాయికి ఈ వారం చెప్పాల్సింది ఇదొక్కటే: ఎంత కోపం వచ్చినా ఆ మాట రాతలో పెట్టొద్దు. బ్యాక్‌హ్యాండ్ సంగతి ఆమె చూసుకుంటుంది.

ఇక ఆట తగ్గిన పిల్లల్ని కోచ్‌లు ఏం చేస్తారంటారా? ఇక్కడ మనవాళ్లు ఊహించుకున్నట్టు పిలిచి అరిచి వెళ్లగొట్టడం ఉండదు. అంతా మెల్లగా, మర్యాదగా నడుస్తుంది. కాలేజీ టెన్నిస్ మ్యాచ్‌లో ఆరు సింగిల్స్, మూడు డబుల్స్ ఉంటాయి, సింగిల్స్‌కి బాగా ఆడేవాళ్లని ఒకటో స్థానం నుంచి ఆరో స్థానం దాకా వరసలో పెడతారు. మొదట స్థానం దించుతారు. తర్వాత డబుల్స్‌కే పరిమితం చేస్తారు. ఆ తర్వాత బయటి ఊరి మ్యాచ్‌కి వెళ్లే లిస్టులో పేరు ఉండదు. మిగతావాళ్లు సంచులు మోసుకుంటూ బస్సెక్కుతుంటే మీ పిల్ల హాస్టల్ కిటికీలోంచి చూస్తుంది. తిట్టేవాళ్లు ఎవరూ లేకపోయినా ఆ సాయంత్రమే అన్నిటికంటే బరువు.

కోచ్ వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. డివిజన్ టూలో ఆడపిల్లల టెన్నిస్‌కి ఒక కాలేజీ మొత్తం కలిపి ఇవ్వగలిగేది 6 పూర్తి స్కాలర్‌షిప్‌ల విలువ. అది గరిష్ఠ పరిమితి, చాలాచోట్ల అంత కూడా ఉండదు. దాన్నే ఎనిమిది, పది మందికి ముక్కలు చేసి పంచాలి. మీకు మీ అమ్మాయి పదేళ్ల కష్టం. ఆయన లెక్కల కాగితంలో 0.6. ఆ 0.6 ఆరో స్థానంలో కూడా గెలవకపోతే వచ్చే ఏడాది దాంతో ఇంకెవర్ని తేవచ్చో ఆయన లెక్క వేసుకోకుండా ఉండడు. అలాగని వెంటనే తీసేయడం ఆయనకూ లాభం కాదు. ఏరి తెచ్చింది తనే కదా, తప్పు తన మీదికే వస్తుంది. పిల్లల్ని మధ్యలో వదిలేస్తాడన్న పేరు ఒకసారి పడితే కొత్త పిల్లలు రారు. అందుకే చాలామంది ఇంకో సీజన్ చూద్దామనే అనుకుంటారు.

సీజన్ చివర ఒక్కొక్కరితో విడిగా మీటింగ్ ఉంటుంది. పదిహేను, ఇరవై నిమిషాలు. అందులో కోచ్ మాటలు జాగ్రత్తగా వినమనండి. 'వేసవిలో ఫిట్‌నెస్ మీద పని చెయ్యి, సెకండ్ సర్వ్ మార్చు' అంటే ఉంచుకుంటున్నాడని అర్థం. 'నీకు ఎక్కువ ఆడే అవకాశం ఎక్కడ దొరుకుతుందో ఆలోచించుకో' అంటే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ఆన్‌లైన్ జాబితా) వైపు దారి చూపిస్తున్నాడు. అది సలహా మాత్రమే, ఆర్డర్ కాదు. అక్కడే 'సరే' అనక్కర్లేదు. కోపంలో పోర్టల్లో పేరు పెట్టేస్తే కొత్త చోటు దొరక్కముందే పాత చోట డబ్బు ఆగిపోయే పరిస్థితి రావచ్చు. ముందు యూనివర్సిటీలో ఆటల నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకి వెళ్లి, పేరు పెడితే నా డబ్బు ఏమవుతుంది అని రాతపూర్వకంగా అడగాలి.

అసలు రిస్క్ వచ్చే సంవత్సరానిది. 1973 నుంచి చాలా కాలం ఎన్‌సీఏఏ స్కాలర్‌షిప్‌లు ఏడాదికోసారి పొడిగించేవిగానే ఉండేవి. పేరుకి నాలుగేళ్లు, కాగితం మీద ఒక్కటే. 2012 నుంచి డివిజన్ వన్‌లో ఎక్కువ సంవత్సరాలకి ఇచ్చే వీలు మళ్లీ వచ్చింది. 2015లో అక్కడి అయిదు పెద్ద లీగ్‌లు, ఆట బాగాలేదన్న కారణంతో పొడిగింపు ఆపకూడదని తీర్మానించుకున్నాయి. మీ అమ్మాయి ఉన్నది డివిజన్ టూ. ఆమె కాగితంలో ఏ కాలం రాసి ఉందో అదే లెక్క. ఏడాది కాగితమైతే జులై 1 లోగా పొడిగిస్తున్నారో లేదో రాతపూర్వకంగా చెప్పాలి. తగ్గించినా, ఆపినా అప్పీలుకి వెళ్లే హక్కు ఉంది. ఆ అప్పీలు వినేది స్పోర్ట్స్ డిపార్ట్‌మెంట్ వాళ్లు కాదు, బయటివాళ్లు. ఈ సంగతి తెలియక వచ్చిన ఈమెయిల్ చూసి ఏడ్చి ఊరుకున్నవాళ్లు నాకు తెలుసు.

వీసా గురించి రెండు ముక్కలు. ఎఫ్-1 ఇచ్చింది చదువుకి, టెన్నిస్‌కి కాదు. టర్మ్‌కి 12 క్రెడిట్లు పూర్తిగా చదువుతూ ఉన్నంతకాలం బెంచ్ మీద కూర్చున్నా వీసాకి ఇబ్బంది లేదు. స్కాలర్‌షిప్ తగ్గితే ఆ తేడా మీరు కట్టగలరా అన్నదే ప్రశ్న. కాలేజీ మారితే మాత్రం ఐ-20 (కాలేజీ ఇచ్చే అడ్మిషన్ పత్రం), సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) బదిలీ సకాలంలో చేయించుకోవాలి.

ఇప్పుడు కాస్త ఘాటుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ఎన్నో స్థానంలో ఆడుతోందో ఉంది, ఎన్ని మ్యాచ్‌లు ఆడలేదో ఉంది. ఆమె ఏ మేజర్ (ముఖ్య సబ్జెక్టు) చదువుతోందో లేదు. జీపీఏ ఎంతో లేదు. సార్, ఆమె అక్కడికి వెళ్లింది డిగ్రీకి. డివిజన్ టూలో ఆడటానికి జీపీఏ 2.0 ఉండాలి, అది పోతే సంవత్సరం మధ్యలోనే స్కాలర్‌షిప్ తీసేసే హక్కు వాళ్లకి వస్తుంది. మీరు భయపడాల్సిన అంకె అది. స్కోరు 4-6, 3-6 కాదు.

ఇంకోటి, ఆ లైవ్ స్కోర్లు. అక్కడ శనివారం మధ్యాహ్నం మ్యాచ్ అంటే ఇక్కడ అర్ధరాత్రి దగ్గర పడుతుంది. మీరు చీకట్లో ఫోన్ పట్టుకుని ఒక్కో పాయింటూ చూసి, ఓడిపోయిన పది నిమిషాల్లో ఫోన్ చేసి తప్పులు చెప్తున్నారు. ఆ సమయానికి ఆమె ఇంకా బూట్లు కూడా విప్పి ఉండదు, చుట్టూ టీమ్ ఉంటుంది, ఎవరికీ అర్థం కాని భాషలో గొంతు తగ్గించి 'సరే నాన్నా, సరే నాన్నా' అంటుంటుంది. కోచ్‌కి తెలుగు రాకపోవచ్చు, ఆ మొహం మాత్రం అర్థమవుతుంది. మర్నాడు ఎవరు ఆడాలో లైనప్ రాసేటప్పుడు ఆ మొహమే ఆయనకి గుర్తుంటుంది.

కోచ్‌తో మీరు మాట్లాడొద్దు. ఒకాయన కూతురి గెలుపోటముల లెక్కలతో కోచ్‌కి నాలుగు పేజీల ఈమెయిల్ పంపారు. కోచ్ దాన్ని ఒక్క మాట కూడా కలపకుండా ఆ అమ్మాయికే ఫార్వర్డ్ చేశాడు. ఆ పిల్ల నెల్లాళ్లు ఇంటికి ఫోన్ చేయలేదు. పైగా ఫెర్పా అనే చట్టం ఉంది. కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు విద్యార్థిది. మార్కులు, స్కాలర్‌షిప్ ఫైలు ఆమె అనుమతి లేకుండా మీకు చెప్పాల్సిన పని వాళ్లకి లేదు. మాట్లాడాల్సింది ఆమే. 'లైనప్‌లోకి మళ్లీ రావాలంటే నేను ఏ రెండు విషయాలు మార్చుకోవాలి?' అని అడిగితే చాలు. ఆ ప్రశ్న అడిగిన పిల్లల్ని కోచ్‌లు తేలిగ్గా వదులుకోరు.

బాబు సంగతి. టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద ఈమధ్య మనవాళ్లకి పుట్టిన మోజు చూస్తే నాకు భయంగానే ఉంది. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా తరఫున 2007, 2008లో ఎన్‌సీఏఏ సింగిల్స్ గెలిచాడు, మన సాకేత్ మైనేని అలబామాలో ఆడాడు. ఈ పేర్లు ప్రతి కన్సల్టెన్సీ గోడ మీదా ఉంటాయి. గోడ మీద ఉండని లెక్క వేరే ఉంది. డివిజన్ టూలో మగపిల్లల టెన్నిస్‌కి పరిమితి 6 కాదు, 4.5. దానికి స్పెయిన్, ఫ్రాన్స్, జర్మనీ పిల్లలు కూడా క్యూలో ఉంటారు. డివిజన్ వన్‌లో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌తో (కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో రాజీ), అందులో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్‌ల సంఖ్య మీద పరిమితి పోయింది, కానీ టీమ్‌లో ఎంతమంది ఉండాలన్న దానికి వచ్చింది. టెన్నిస్‌కి 10. ఆ రాజీ వల్ల కాలేజీలు పిల్లలకి నేరుగా పంచే కొత్త డబ్బులో ఎక్కువ భాగం అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వైపే పోతోంది. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు, డివిజన్ త్రీ కాలేజీలు ఆట మీద స్కాలర్‌షిప్పే ఇవ్వవు.

పోల్చమన్నారు. చదువు స్కాలర్‌షిప్ నిలవాలంటే రాసి ఉన్న జీపీఏ నిలబెట్టుకుంటే చాలు, ఒక మనిషి ఇష్టాయిష్టాల మీద ఆధారపడక్కర్లేదు. ఆట స్కాలర్‌షిప్ మోకాలు మీద, మూడ్ మీద, కోచ్ ఉద్యోగం మారడం మీద కూడా ఆధారపడుతుంది. చాలా కాలేజీల్లో రెండూ కలిపి ఇస్తారు, కాబట్టి బాబు టెన్నిస్ మాన్పించక్కర్లేదు. అయితే ఎన్‌సీఏఏ తొమ్మిదో తరగతి నుంచే మార్కులు చూస్తుంది. వాడు ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నాడు. టోర్నమెంట్ల కోసం స్కూలు మాన్పించే ఆలోచన ఉంటే ఈ రోజే వదిలేయండి. టెన్నిస్ మీద ఇంతవరకు పెట్టిన డబ్బు స్కాలర్‌షిప్ రూపంలో తిరిగి రావాలన్న లెక్క కూడా వాడి మీద పెట్టకండి. ఆ లెక్క అక్క మీద పెట్టారు కాబట్టే ఇవాళ బెంచ్ అంటే మీ ఇంట్లో ఇంత భయం.

రెండో సంవత్సరంలో ఆట జారిపోవడం నేను చాలామందిలో చూశాను. మొదటి ఏడాది ఉత్సాహం తగ్గుతుంది, క్లాసులు బరువెక్కుతాయి, ఎదుటి టీమ్‌లకి మన ఆట తెలిసిపోతుంది. మూడో ఏడాది మళ్లీ లైనప్‌లోకి వచ్చినవాళ్లు ఉన్నారు. రాకపోయినా డిగ్రీ తెచ్చుకుని ఉద్యోగాల్లో హాయిగా ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు.

ఈ శనివారం స్కోర్లు చూడకుండా పడుకోండి. ఆదివారం ఆమే ఫోన్ చేస్తుంది, చేయకపోతే సోమవారం మీరే చేసి ఏం తింటున్నావని అడగండి. అగ్రిమెంట్ కాపీ మాత్రం తెప్పించండి. కాలం, మొత్తం రాసి ఉన్న పేజీ ఫొటో తీసి నాకు పంపితే, జులైలో ఏం చేయాలో అది చూసి చెప్తాను.