మిర్చి యార్డు గుమస్తా గారి ప్రశ్న: అమ్మాయిని కంప్యూటర్ సైన్స్‌లో చేర్చవచ్చా?

గుంటూరు నుంచి ఒక తండ్రి ఉత్తరం రాశారు. ఆయన మిర్చి యార్డులోని ఒక కమీషన్ దుకాణంలో 22 ఏళ్లుగా గుమస్తాగా పనిచేస్తున్నారు. కుమార్తె విజయవాడలో హాస్టల్‌లో ఉంటూ ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఆమె కంప్యూటర్ సైన్సే చదువుతానని పట్టుబడుతుంటే, ఆ ఉద్యోగాలన్నింటినీ కృత్రిమ మేధ మింగేస్తుందని బంధువులు భయపెడుతున్నారట. ఇంటి దగ్గరే ఉండి ఆన్‌లైన్‌లో డిగ్రీ చేస్తే విలువ ఉంటుందా అని, సెలవులకు వస్తే చాలు ఫోన్‌లో వీడియోలు ఎడిట్ చేస్తూ కూర్చునే అలవాటును ఎలా మాన్పించాలని కూడా అడిగారు.

అయ్యా, మీ ప్రశ్నకు జవాబులో సగం మీ ఉద్యోగంలోనే ఉంది. మీరు పనిలో చేరిన రోజుల్లో తక్ పట్టీ (సరుకు తూకం, ధర, కోతలు చూపి రైతుకిచ్చే చీటీ) చేత్తో రాసి, సాయంత్రానికి చిట్టా అనే రోజువారీ లెక్కల పుస్తకం కూడి, ఆవర్జా అనే ఖాతాల పుస్తకంలోకి ఎక్కించి ఉంటారు. తరువాత లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ వచ్చింది. 2016లో కేంద్రం ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ అయిన ఈ-నామ్‌ను ప్రారంభించింది. 2017 జూలై 1న జీఎస్టీ, 2018 ఏప్రిల్ 1 నుంచి సరుకు రవాణాకు ఉండవలసిన ఈ-వే బిల్లు వచ్చాయి. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటిన సంస్థలతో మొదలైన ఈ-ఇన్వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) నిబంధన, 2023 ఆగస్టు నాటికి 5 కోట్లు దాటిన వ్యాపారుల వరకూ దిగింది. ఇన్ని మారినా మీ కుర్చీ మీకు ఉంది. కూడికలు, నకళ్లు యంత్రానికి వెళ్లిపోయాయి; లాటు (ఒక రైతు తెచ్చిన సరుకు) తూకం తప్పుగా ఎక్కినప్పుడు, ఈ-వే బిల్లులో లారీ నంబరు పొరపాటు పడి సరుకు దారిలో ఆగినప్పుడు, సొమ్ములో కోత ఎందుకు పడిందని రైతు నిలదీసినప్పుడు సమాధానం చెప్పే పని మాత్రం మీదగ్గరే మిగిలింది. దూరాన ఉన్న వ్యాపారి ఆన్‌లైన్‌లో ధర వేయగలిగినా, ఆ టిక్కీలో (మిర్చి బస్తాలో) ఉన్నది తేజా రకమా, 341 రకమా, తేమ ఎంత, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత అన్నది సరుకు దగ్గర నిలబడి ఎవరో ఒకరు తేల్చవలసిందే.

అయితే దీన్నిబట్టి భయం అక్కర్లేదని నేను అనడం లేదు. ఒకప్పుడు నకళ్లు రాయడానికి చేరి, మీ పక్కన కూర్చుని, రెండేళ్లలో లెక్కలన్నీ నేర్చుకున్న కుర్రాళ్లు ఉండేవారు కదా. అటువంటివారిని ఇప్పుడు మీ దుకాణం ఎందరిని తీసుకుంటోందో ఒకసారి ఆలోచించండి. సాఫ్ట్‌వేర్ రంగంలోనూ నేను గమనిస్తున్న మార్పు ఇదే. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ అందరికీ అందుబాటులోకి వచ్చిన నాటి నుంచి, కొత్తగా చేరినవారు చేసి నేర్చుకునే చిన్న చిన్న పనులను అటువంటి సాధనాలే చేసిపెడుతున్నాయి. అందువల్ల బంధువులు చెప్పినట్లు ఉద్యోగాలన్నీ పోతాయని కాదు గాని, మొదటి మెట్టు ఎత్తు పెరిగింది. లోగడ కంపెనీలో చేరాక రెండేళ్లలో నేర్చుకున్నదాన్ని మీ అమ్మాయి కాలేజీలో ఉండగానే నేర్చుకోవాలి. నా ఆందోళన అంతా ఈ ఒక్క విషయం గురించే.

మొన్న ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదివే ఒక అబ్బాయి విజయవాడలో నన్ను కలిసి, తన ప్రాజెక్టు చూపించాడు. రోజుకు ఎన్ని టిక్కీలు వచ్చాయి, ఏ ధరకు అమ్ముడయ్యాయి అన్న వివరాలిస్తే సగటు ధర చెప్పే ప్రోగ్రామ్ అది. కృత్రిమ మేధ చేత రాయించాడు, చూడడానికి చక్కగా ఉంది. వేసవి సెలవుల్లో యార్డు మూసి ఉన్న ఒక రోజు తేదీ ఇచ్చి, టిక్కీల సంఖ్య సున్నా అని కొట్టమన్నాను. ప్రోగ్రామ్ ఆగిపోయింది. సున్నాతో భాగించమని తానే యంత్రానికి చెప్పాడన్న సంగతి అతనికి పావుగంటకు గాని తట్టలేదు. తెలివైన పిల్లవాడే, కాని తాను రాయని దాన్ని చదివి తప్పు పట్టుకునే అభ్యాసం ఎవరూ చేయించలేదు. ఆ అభ్యాసం ఉన్నవారికి ఈ సాధనాలు గొప్ప తోడవుతాయి, లేనివారికి తమ తప్పు తమకే కనిపించకుండా చేస్తాయి.

కాబట్టి లెక్కల్లో ఆమెకు నిజమైన ఇష్టం ఉంటే కంప్యూటర్ సైన్స్‌లో నిస్సంకోచంగా చేర్చండి. కాలేజీని ఎంచుకునేటప్పుడు మాత్రం బ్రాంచి పేరులో ఏఐ (కృత్రిమ మేధ) అనే మాట ఉందా లేదా అని చూడకండి. 2024-25 నుంచి మంచి ప్రమాణాలున్న కాలేజీలకు సీట్ల సంఖ్యపై గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ తొలగించింది. సీట్లు పెరిగిన చోట అధ్యాపకులు కూడా పెరిగారో లేదో మనమే విచారించుకోవాలి. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, సంభావ్యత అనే పాఠాలను ఎవరు చెబుతున్నారో, ల్యాబ్‌లో ఒక్కొక్కరికి ఒక కంప్యూటర్ దొరుకుతుందో లేదో అక్కడి రెండో సంవత్సరం విద్యార్థులనే అడగండి.

ఆన్‌లైన్ డిగ్రీల విషయంలో మీ అనుమానం సహజమే, కాని వాటన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఐఐటీ మద్రాసు 2020లో ప్రారంభించిన డేటా సైన్స్ బీఎస్ (నాలుగేళ్ల డిగ్రీ) కోర్సుకు జేఈఈ అవసరం లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి, అర్హత పరీక్షలో నెగ్గితే ప్రవేశం దొరుకుతుంది. పాఠాలు ఆన్‌లైన్‌లోనే అయినా ప్రధాన పరీక్షలను కేంద్రానికి వెళ్లి రాయాలి. నాలుగేళ్లూ చదవలేనివారు మధ్యలో డిప్లొమాతోనో, బీఎస్సీతోనో బయటికి రావచ్చు. ఒకేసారి రెండు డిగ్రీలు చదివేందుకు 2022లో విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ అనుమతించింది కాబట్టి, ఇంజినీరింగ్‌తో పాటు దీన్ని కూడా చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక అయిన స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం. ఒక సెమిస్టరు క్రెడిట్లలో 40 శాతం వరకూ అక్కడ సంపాదించుకోవడానికి 2021 నాటి యూజీసీ నిబంధనలు వీలు కల్పించాయి. అమ్మాయి చేరబోయే కాలేజీ విశ్వవిద్యాలయం దాన్ని ఎంతవరకు అమలు చేస్తోందో ముందే కనుక్కోండి. అయితే ఇంటర్ ముగించిన పిల్ల ఇంట్లో ఒంటరిగా కూర్చుని మొదటి డిగ్రీని పూర్తిగా తెర మీదనే చదవడాన్ని నేను ప్రోత్సహించను. చేరడం తేలిక, వారం వారం అసైన్‌మెంటు గడువు తప్పకుండా సాగడం కష్టం. అడగడానికి పక్కన తోటివారు ఉండాలి.

ఫోన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. వీడియోలు చూడడం వేరు, చేయడం వేరు. ఎక్కడ ఎంతసేపు ఆగామో లెక్కగట్టి తరువాతి వీడియోను ముందుకు తోసే ఏర్పాటుకు హద్దు ఉండదు కాబట్టి, చూడడానికి వేళ నియమించండి. ఎడిటింగ్‌ను మాత్రం మాన్పించకండి, అలాగని దాన్నే జీవనాధారమని నమ్మనివ్వకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల జోలికి అసలు వెళ్లనివ్వవద్దు. వాటిని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది.

సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు, యార్డు తెరిచి ఉన్న ఒక రోజు అమ్మాయిని మీ వెంట తీసుకువెళ్లండి. ఒక లాటు గేటు దగ్గర నమోదైన క్షణం నుంచి రైతు చేతికి తక్ పట్టీ అందే వరకూ పక్కనే ఉండి చూడమనండి. ఏ పని యంత్రం చేసిందో, ఏ పని మనిషి చేశాడో, ఎక్కడ తప్పు దొర్లే అవకాశముందో తన చేత్తో ఒక కాగితం మీద రాయమనండి. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చాక, వెబ్ ఆప్షన్లు (కాలేజీల ఎంపిక) పెట్టే ముందు ఆ కాగితం తీసుకుని ఇద్దరూ రండి. దాన్ని ముందు పెట్టుకునే ఏ కాలేజీ, ఏ బ్రాంచి అన్నది మాట్లాడుకుందాం.