అమ్మాయి చెవుల్లో పాటలు, హాల్లో టీవీ

గుంటూరు కొరిటెపాడు నుంచి ఒక తల్లి రాశారు. కూతురు ఇంటర్ సెకండియర్ బైపీసీ, నీట్ కోచింగ్ కూడా. పుస్తకం తెరిస్తే చాలు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కొరియన్ పాటలు వింటుందట. పోయిన వారం తండ్రి కోపం పట్టలేక కత్తెర తెచ్చి ఆ వైరు కత్తిరించేశారు. అప్పట్నుంచి అమ్మాయి ఆయనతో మాట్లాడటం లేదు, తమ్ముడి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ అదే పని, అన్నం కూడా గదిలోనే. "ఇలా చదివితే బుర్రకెక్కుతుందా? ఎలా మాన్పించాలి?" అని ఆవిడ ప్రశ్న.

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మధ్యలో ఎక్కడో, వేరే సంగతి చెబుతూ, ఒక్క మాట అనేసి ముందుకెళ్లిపోయారు: మీ అత్తగారికి సరిగ్గా వినపడదు, సాయంత్రం 6 నుంచి 10 దాకా హాల్లో టీవీ గట్టిగా మోగుతూనే ఉంటుంది అని. అమ్మాయి గదికి తలుపు లేదు, కర్టెనే అని కూడా మీరే రాశారు. నాకు అసలు విషయం అక్కడే కనిపించింది. కాలేజీ, కోచింగ్ అయ్యి ఇంటికొచ్చిన పిల్లకి చదువుకోడానికి మిగిలేవే ఆ నాలుగు గంటలు. సీరియల్లో ఏడుపులు వినలేక తనకి నచ్చిన చప్పుడు ఒకటి పైన కప్పుకుంటోంది, దోమలకి దుప్పటి ముసుగు పెట్టినట్టు. ముసుగు లాగేస్తే దోమలు పోతాయా?

అలాగని ఆ పాటలు చదువుకి మంచివని నేను చెప్పను. మనం చదివే వాక్యం లోపల మనకే వినిపిస్తూ ఉంటుంది కదా, పాటలోని మాటలు వచ్చి ఆ గొంతుకి అడ్డు తగులుతాయి. "కొరియన్ నాకు అర్థం కాదు, కాబట్టి అడ్డు రాదు" అంటోందని రాశారు. 1976లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. జర్మన్ రానివాళ్లకి వెనక జర్మన్ చదివి వినిపిస్తూ, కళ్లముందు కనిపించే అక్షరాలని వరసగా గుర్తుపెట్టుకోమన్నారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తప్పులు పెరిగాయి. బోటనీలో వర్గీకరణ, పేర్లు, వరసగా గుర్తుండాల్సినవన్నీ ఆ బాపతే. రికార్డులో బొమ్మలు వేసుకునేటప్పుడో, చేయి తిరిగిన లెక్కలు చేసుకునేటప్పుడో పాట ఉన్నా పెద్దగా నష్టం లేదు, నిద్ర కూడా రాదు.

మీ ఆడపడుచు మొజార్ట్ సంగీతం వింటే తెలివి పెరుగుతుందన్నారట. 1993లో 36 మంది కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం నుంచి పుట్టిన మాట అది. వాళ్లు పది నిమిషాలు విన్నది పరీక్షకి ముందు, రాస్తూ కాదు. కాగితం మడత పెట్టి కత్తిరిస్తే ఏ ఆకారం వస్తుందో ఊహించే లాంటి ప్రశ్నల్లో కాస్త మెరుగయ్యారు, అదీ పావుగంటలో పోయింది. కాబట్టి మీ అమ్మాయి కూర్చోబోయే ముందు రెండు పాటలు వినేసి తీసి పక్కన పెడితే చాలు, ఏ పాటలైనా.

ఇదంతా ఆమెకి పాఠంలా చెప్పకండి. తననే చూసుకోమనండి. ఒకే కష్టం ఉన్న రెండు పేజీలు, ఒకటి పాటతో ఇరవై నిమిషాలు, ఇంకోటి పాట లేకుండా ఇరవై నిమిషాలు చదివి, మర్నాడు పొద్దున్నే తెల్లకాగితం మీద రెండూ రాసుకోవాలి. మీరు ఆ కాగితాలు చూడొద్దు, అడగొద్దు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి: ఫోన్ సౌండు 60 శాతం దాటకూడదు. టీవీని మించి వినపడాలని పెంచుకుంటూ పోతే ఈ వయసులోనే చెవులు పాడవుతాయి.

కానీ ఇవన్నీ తర్వాత. ముందు అత్తగారిని మన ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో ఈఎన్‌టీ డాక్టర్లకి చూపించండి. వయసు కదా అని వదిలేస్తున్నాం గానీ, వినపడక ఆవిడా ఆ ఇంట్లో ఒంటరిగానే ఉంటున్నారు. చెవి మిషన్ పెడితే టీవీ సౌండు అదే తగ్గుతుంది. ఈలోగా టీవీని ఆవిడ గదిలోకి మార్చండి, లేదంటే ఏడు నుంచి తొమ్మిది దాకా కట్టేయండి, మీ సీరియల్ పోయినా సరే. అమ్మాయి గదికి ఒక తలుపు పెట్టించండి.

ఇక మీ వారు. తప్పు చేశానని మీ దగ్గర ఒప్పుకున్నారని రాశారు, ఆ మాట చేరాల్సింది మీకు కాదు, కూతురికి. మీరు మధ్యలో రాయబారం చేయకండి. ఆదివారం ఇద్దరినీ బండి మీద బ్రాడీపేట పంపించండి, కొత్త ఇయర్‌ఫోన్స్ ఆయనే కొనివ్వాలి, ఏవి కావాలో ఆమె చూసుకుంటుంది. దారిలో ఆయన ఆ కత్తెర సంగతి తనంతట తానే ఎత్తాలి.