కొత్తగా తెచ్చిన కోడిపిల్లలు రోజూ చచ్చిపోతున్నాయి, ఏ మందు వేయాలి?

అన్నా, నాలుగు రోజుల కింద దేవరకొండ అంగడిలో ఆటోలో అమ్మే మనిషి దగ్గర 60 వనరాజా రకం పెరటికోడి పిల్లలు తెచ్చానని, ఇప్పటికే 14 పోయాయని, మిగిలినవి రెక్కలు వేలాడేసి కునుకుతున్నాయని, కొన్నింటికి వెనక తెల్లటి రెట్ట అంటుకుపోయిందని, షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ నీళ్లలో కలిపినా ఆగడం లేదని రాశారు. ఇంకే మందు వేయాలని అడిగారు. ఈ రాత్రికి ఇంకో మందు మాత్రం కొనకండి. ముందు పొద్దుగూకినాక, పది దాటాక ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి లేచి టార్చి వేసి పిల్లలు ఎట్లా పడుకున్నాయో చూడండి.

ఎందుకు చెప్తున్నానంటే నేను మొదటిసారి తెచ్చిన 100 పిల్లల్లో 37 వారం తిరగకుండానే పోయాయి. మాది కల్వకుర్తి వైపు ఊరు. డిసెంబర్ నెల, హైదరాబాద్ నుంచి బస్సులో డబ్బా పట్టుకుని వచ్చాను, ఇంటికి చేరేసరికి చీకటి పడింది. రోజూ పొద్దున లేచి చూస్తే మూలకు ఏడెనిమిది పిల్లలు చదునుగా నలిగిపోయి ఉండేవి, నేనేమో పగలంతా మందుల షాపు చుట్టూ తిరిగాను, మూడు రకాల పొడులు ఒకే నీళ్లలో కలిపాను, ఆ నీళ్లు పసుపు రంగుకు తిరిగి చేదెక్కితే పిల్లలు తాగడమే మానేశాయి. నాలుగో రోజు రాత్రి రెండింటికి మా అత్తమ్మ లేచి వెళ్లి చూసి నన్ను పిలిచింది. పిల్లలన్నీ ఒక మూలకు గుట్టలాగా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఆమె బల్బు కింద అరచేయి పెట్టి, "ఇది ఎలుగు ఇస్తుంది గానీ ఏడి ఇస్తలేదే, ఇవి రోగంతోని కాదు సలికి సస్తున్నయ్" అంది. మేము వేలాడదీసినవి ఎల్‌ఈడీ బల్బులు. గది పట్టపగల్లా ఉంది, అందుకే నాకు అనుమానమే రాలేదు. కరెంటు మిగులుతుందని నేనే కొన్నాను, ఆ 37 పిల్లలు గుర్తొస్తే ఇప్పటికీ మనసు కష్టంగా ఉంటుంది.

తల్లికోడి రెక్కల కింద పెరిగే పిల్లకు ఆ బాధ లేదు. హేచరీలో, అంటే యంత్రంలో పొదిగించిన పిల్లకు మొదటి రెండు మూడు వారాలు ఒంటి వేడిని తానే నిలుపుకునే శక్తి ఉండదు, ఒంటి మీద నూగు తప్ప ఈకలు ఉండవు. మొదటి వారం పిల్ల వీపు ఎత్తులో సుమారు 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెప్తాయి. గుంపుగా గుట్ట పడి కీచుకీచుమంటే చలి. బల్బుకు దూరంగా పోయి నోరు తెరిచి ఎగపోస్తుంటే వేడి ఎక్కువైంది. అన్నీ ఒకే పక్కకు జరిగితే ఎక్కడి నుంచో గాలి కొడుతుంది. అంతటా పరుచుకుని కొన్ని తింటూ కొన్ని పడుకుని ఉంటే సరిపోయినట్టు. పిల్లకు రెండు వాట్ల లెక్కన మీ 46 పిల్లలకు పాతకాలం 60 వాట్ల బల్బులు రెండు చాలు, భూమికి అడుగున్నర ఎత్తులో కట్టండి, చుట్టూ అట్టతోనో రేకుతోనో అడుగున్నర ఎత్తు గుండ్రంగా కంచె పెట్టండి. మూలలు ఉండకూడదు, మూల ఉంటే అక్కడే గుట్ట పడతాయి. కరెంటు పోతే బొగ్గుల కుంపటి తలుపులు మూసిన గదిలో పెట్టకండి, దాని గాలికి పిల్లలే కాదు మనుషులు కూడా పోతారు. బాటిళ్లలో వేడినీళ్లు పోసి గోనెపట్టా చుట్టి మధ్యలో పెడితే రెండు మూడు గంటలు గట్టెక్కుతాయి. చలని చెప్పి పైనుంచి ప్లాస్టిక్ కవరు బిగించవద్దు, లోపల ఊపిరి ఆడదు, రెట్ట ఘాటు కళ్లకు ఎక్కుతుంది.

వెనక అంటుకున్న రెట్ట సంగతి. చలి తగిలినా, ప్రయాణంలో నీళ్లు లేక ఎండినా అట్లా అవుతుంది. దాన్ని లాగి పీకకండి, చర్మం ఊడి వస్తుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో నానబెట్టి మెల్లగా తుడవండి, ఆరబెట్టి బల్బు కిందికి వదలండి, తడి ఒంటితో వదిలితే ఆ చలికే పోతుంది. రోజుకు రెండుసార్లు చూడాలి, ఎందుకంటే ఆ దారి మూసుకుపోయిన పిల్ల ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కానీ మరీ ఎక్కువ పిల్లలకు తెల్లగా సున్నంలా పారుతుంటే అది తల్లికోడి నుంచి గుడ్డులోకి వచ్చే పుల్లోరం అనే జబ్బు కూడా కావచ్చు, అది నేను గానీ మీరు గానీ కళ్లతో చూసి తేల్చలేం. అందులో బతికినవి కూడా ఆ క్రిమిని మోస్తాయి, వాటి గుడ్లను మళ్లీ పొదిగించకూడదు.

అందుకే రేపు పొద్దున్నే చేయాల్సింది ఒకటుంది. అప్పుడే చచ్చిన పిల్లలు రెండు, కునుకుతున్న పిల్ల ఒకటి పట్టుకుని పశువుల దవాఖానకు వెళ్లండి. చచ్చినవి కవర్లో వేసి చుట్టూ ఐస్ పెట్టండి, పూట గడిస్తే కుళ్లిపోయి ఏమీ తెలియదు. నేను అట్లా తీసుకెళ్తే డాక్టరు గారు నా ముందే కోసి చూపించారు. మేత సంచి ఖాళీగా ఉంది, కడుపులో పచ్చసొన మిగిలే ఉంది. పిల్ల పుట్టేటప్పుడు ఆ సొనను కడుపులో పెట్టుకునే పుడుతుంది, రెండు మూడు రోజులు దాంతోనే బతుకుతుంది, చలికి ముడుచుకుపోయిన పిల్ల దాన్ని కూడా అరిగించుకోలేదని, మేత దగ్గరికి నడిచి వెళ్లడం నేర్చుకోకుండానే పోతుందని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు షాపులో ఇచ్చిన మందు ఆపాలో కొనసాగించాలో ఆయన్నే అడగండి, ఆ ప్యాకెట్ కూడా వెంట తీసుకెళ్లండి. దాని మీద కొలిస్టిన్ అని ఉంటే మాత్రం అడగాల్సిన పని కూడా లేదు, వెంటనే ఆపండి, కోళ్లకు, పశువులకు దాన్ని వాడకూడదని 2019లోనే కేంద్రం నిషేధించింది.

ఇంకో అలవాటు చేసుకోండి. నేను గోడ మీది క్యాలెండర్‌లో ఏ రోజు ఎన్ని పోయాయో గీతలు గీస్తాను, ఏ రోజు పోయాయన్న దాన్ని బట్టి సగం కారణం దొరుకుతుంది. మొదటి రెండు రోజుల్లో పోతే ప్రయాణం, చలి, నీళ్లు. నాలుగు, అయిదు రోజుల్లో ఎక్కువ పోతే తినడం నేర్చుకోనివి. వాటికి పేపరు పరిచి దాని మీద మక్కల రవ్వ చల్లాలి, డబ్బాలో మేత పెట్టి ఊరుకుంటే వాటికి తెలియదు, నీళ్లలో ముక్కు ముంచి చూపించాలి. బొడ్డు దగ్గర నల్లగా తడిగా ఉండి పొట్ట ఉబ్బి వాసన కొడితే అది హేచరీలోనే అంటిన బొడ్డు చీము, మన చేతిలో పెద్దగా ఏమీ ఉండదు, ఫొటోలు తీసి అమ్మినవాళ్లను అడగాలి. వారం చుట్టుపక్కల చప్పుడు లేకుండా మెడ చాచి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే కింద పరిచింది బూజు పట్టిందేమో చూడండి. ఇది నా రెండో బ్యాచ్‌లో జరిగింది. మా వైపు పల్లికాయ పొట్టు ఊరికే దొరుకుతుంది కదా అని వానకు తడిసి ఆరిన పొట్టు పరిచాను, తొమ్మిది పిల్లలు ఊపిరితిత్తుల్లో బూజు పట్టి పోయాయి, దానికి పని చేసే మందు లేదన్నారు. అప్పటి నుంచి ఎండబెట్టిన వరి పొట్టే వాడుతున్నాను, నీళ్ల డబ్బా చుట్టూ తడిసింది రోజూ ఎత్తి పారేస్తాను. మూడు వారాలు దాటాక రెట్టలో రక్తం కనిపిస్తే అది ఆ తడిలో పెరిగే క్రిమి వల్ల పేగులకు వచ్చే కాక్సీడియోసిస్ జబ్బు, ఆ రోజే ఆంప్రోలియం మందు వేస్తే చాలా వరకు నిలబడతాయి, మోతాదు డాక్టరును అడగండి.

టీకాల గురించి క్లుప్తంగా. అయిదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లో చుక్కగా కొక్కెర తెగులు టీకా లసోటా, 14వ రోజుకు గంబోరో జబ్బు టీకా, నాలుగో వారం మళ్లీ లసోటా, ఎనిమిది వారాలకు కొక్కెర తెగులుకు ఆర్‌2బి సూది. మీ పిల్లలు నీరసంగా ఉన్నాయి కాబట్టి మొదటి చుక్క ఎప్పుడు వేయాలో రేపు డాక్టరునే చెప్పమనండి. టీకా ఐస్‌లోనే తేవాలి, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. నీళ్లలో ఇచ్చే టీకాను భగీరథ నల్లా నీళ్లలో కలపవద్దు, క్లోరిన్‌కు టీకా చచ్చిపోతుంది. టీకా లేని రోజుల్లో తాగడానికి మాత్రం ఆ నీళ్లే మంచివి. ఒక సీసా వంద పిల్లలకు పైనే వస్తుంది, ఊళ్లో ఇంకెవరైనా పెంచుతుంటే ఒకే రోజు పెట్టుకోండి.

పోయినవాటిని చెత్తకుప్పలో వేయకండి అన్నా, కుక్కలు, కాకులు ఇంటింటికీ మోస్తాయి. లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి. పిల్లల్ని ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే అవి ఎంత ముద్దొచ్చినా మొహం దగ్గరికి తీసుకోనివ్వకండి.

అంగడిలో కొన్నవాటికి ఎన్ని రోజుల వయసో, మారెక్స్ అనే జబ్బుకు టీకా పడిందో లేదో, నిజంగా వనరాజానో కాదో అమ్మే మనిషికే తెలియదు. రంగు ఈకలున్న ప్రతి పిల్లనూ వనరాజా అనే అమ్ముతున్నారు. ఈసారి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ దగ్గర ముందే అడిగి రాయించుకోండి, వనరాజా, గ్రామప్రియ తయారైంది అక్కడే. చలికాలం అయితే పగటి బస్సు ఎక్కండి, డబ్బా కింద డిక్కీలో వేయనివ్వకండి, ఒళ్లో పెట్టుకోండి. పిల్లలు రాకముందు రోజే బల్బులు వేసి గది వేడెక్కించి పెట్టండి. వందకు రెండు మూడు పోవడం ఎంత జాగ్రత్తగా ఉన్నా మామూలే, అంతకు టెన్షన్ పడకండి.

ఇప్పుడు మాత్రం ఆ 46 సంగతి చూద్దాం. మీ బల్బు ఏ రకమో, రాత్రి గుట్టగా పడుకున్నాయా విడిగా పడుకున్నాయా, నాలుగు రోజుల్లో ఏ రోజు ఎన్ని పోయాయో రేపు పొద్దున రాయండి, నేను చూస్తాను.