జనరల్ ఐఈఎల్‌టీఎస్ 6.5 ఉన్నా ఐఎల్ఆర్‌కి (బ్రిటన్‌లో శాశ్వత నివాసానికి) చెల్లదన్నారా? ఇదీ కారణం

స్కోరు తక్కువై కాదు, హైదరాబాద్‌లో మీరు రాసిన పరీక్షే వేరు. మామూలు జనరల్ ట్రైనింగ్‌ని బ్రిటన్ హోం ఆఫీస్ లెక్కలోకి తీసుకోదు. 'ఫర్ యూకేవీఐ' (బ్రిటన్ వీసా విభాగం కోసం) అని ఉన్న ఐఈఎల్‌టీఎస్ అయినా, ఐఈఎల్‌టీఎస్ లైఫ్ స్కిల్స్ అయినా కావాలి.

1. అప్లై చేసే నాటికి ఏ స్థాయి ఇంగ్లిష్ అడుగుతున్నారో ప్రభుత్వ సైట్లో చూసుకోండి. బీ1 (మధ్యస్థాయి) అయితే లైఫ్ స్కిల్స్ బీ1 చాలు. చదవడం, రాయడం ఉండవు; ఇంకో అభ్యర్థితో కలిసి 22 నిమిషాలు వినడం, మాట్లాడటం, అంతే. పొరపాటున దాని కింది స్థాయి ఏ2 బుక్ చేయకండి.

2. ఎక్కువమంది దెబ్బతినేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే ఇంటిపేరు మీరే చేర్చేయకండి, అందులో ఎలా ఉంటే అలాగే నింపండి. బుక్ చేశాక పాస్‌పోర్టు రెన్యూ చేయిస్తే నంబరు మారుతుంది. పరీక్షకు ముందే సెంటర్‌కి చెప్పి సరిచేయించుకోండి, లేదంటే ఆ రోజు లోపలికి రానివ్వకపోవచ్చు. జిరాక్స్ పనికిరాదు, ఒరిజినలే.

3. ఫలితంతో వచ్చే యూకేవీఐ నంబరు అప్లికేషన్‌లో వేయాలి.

బీటెక్ ఇంగ్లిష్ మీడియమా? డబ్బు కట్టేముందు ఎక్టిస్ (విదేశీ డిగ్రీలను పరిశీలించే బ్రిటన్ సంస్థ) ధ్రువీకరణ సంగతి చూడండి, ఈ ఇంగ్లిష్ పరీక్షే అక్కర్లేకపోవచ్చు. బ్రిటన్ జీవితం, చరిత్రపై ఉండే 'లైఫ్ ఇన్ ద యూకే' పరీక్ష మాత్రం విడిగా రాయాల్సిందే: 24 ప్రశ్నల్లో 18 రావాలి.