ఖాళీ రంగస్థలాన్ని తెరకెక్కించే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

రెండు కుర్చీలు, ఒక బల్ల తప్ప మరేమీ లేని ఆ నాటకాన్ని సినిమాగా తీయాలన్న నీ సంకల్పం నాకెంతో సంతోషం కలిగించింది. అయితే స్క్రీన్‌ప్లే మొదలుపెట్టే ముందు ఒక్క విషయం తేల్చుకో. రంగస్థలం మీద లేని ఇంటిని, వీధిని, వానను ఇన్నాళ్లూ ప్రేక్షకుడే ఊహించుకుంటూ వచ్చాడు; కెమెరా వచ్చాక ఆ పని అతనికే వదులుతావా, నువ్వే చేసిపెడతావా?

థార్న్‌టన్ వైల్డర్ నాటకం ‘అవర్ టౌన్’ 1938లో సెట్టింగులేవీ లేకుండానే రంగస్థలానికెక్కింది. పక్కపక్క ఇళ్ల అబ్బాయి, అమ్మాయి చెరో నిచ్చెన ఎక్కి కూర్చుంటే అవే వారి మేడగదులు. తల్లులు ఉత్త చేతులతోనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తారు. 1940లో సినిమా తీసినప్పుడు ఇళ్లు, వీధులు నిజంగానే కట్టారు. నాటకంలో మరణించే ఆ అమ్మాయి ఎమిలీని వైల్డర్ సమ్మతితోనే బతికించారు. రంగస్థలం మీద సగం ప్రతీకగా ఉండే పాత్ర క్లోజప్‌లో మనకు కావలసిన మనిషి అయిపోతుంది కనుక ఆ మార్పును నేను తప్పుపట్టను. కానీ గోడలు లేపిన నాడే ఆ కథ మరో దారి పట్టిందని నా అభిప్రాయం.

కాబట్టి ‘నాటకంలా ఉంది’ అంటారేమోనన్న భయంతో పాత్రలను ఆరుబయట తిప్పకు, ఫ్లాష్‌బ్యాకులు చేర్చకు. 1957 నాటి ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ సినిమా దాదాపు మొత్తం ఒకే గదిలో నడుస్తుంది. దర్శకుడు సిడ్నీ ల్యూమెట్ కథ ముందుకు సాగేకొద్దీ దూరాన్ని దగ్గరగా చూపే, ఎక్కువ ఫోకల్ లెంగ్త్ లెన్సులకు మారుతూ, కంటిమట్టానికి పైనుండే కెమెరాను క్రమంగా కిందికి దించాడు. దానితో గోడలు దగ్గరికి జరిగినట్టు అనిపించి, చివరికి పైకప్పు కూడా కనిపిస్తూ, చూసేవారికి ఊపిరాడనట్టవుతుంది. 2003లో వచ్చిన ‘డాగ్‌విల్’ సినిమాలో ఇళ్లన్నీ నేల మీద గీసిన గీతలే, తలుపు కనబడదు, తీసిన చప్పుడు మాత్రం వినబడుతుంది. నీ సౌండ్ డిజైనర్‌ను తొలి రోజు నుంచే పక్కన కూర్చోబెట్టుకో.

నటుల విషయానికొస్తే, చివరి వరుసకు వినిపించాలని పెంచిన గొంతును రిహార్సల్స్‌లోనే తగ్గించు. మౌనం మీద మాత్రం అంతకన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టు. రంగస్థలం మీద దాని నిడివి నటుడి చేతిలో ఉంటుంది, సినిమాలో ఎడిటింగ్ టేబుల్ మీద తేలుతుంది. అందుకే మాట్లాడేవారితో పాటు వినేవారి ముఖాన్ని కూడా సన్నివేశం పొడవునా కోయకుండా చిత్రీకరించు, ఆ మౌనాన్ని నేపథ్య సంగీతంతో నింపకు.

హక్కుల పత్రం రాయించుకునేటప్పుడే ఏయే మార్పులకు నాటక రచయిత ఒప్పుకుంటున్నారో, ముఖ్యంగా ముగింపు గురించి, అందులో స్పష్టంగా రాయించు.