పని కోసం కొన్న కార్డ్‌లెస్ డ్రిల్లు మొరాయిస్తే నేను వినియోగదారుణ్ని కానా?

ప్రశ్న: నేను వడ్రంగం పని చేస్తాను. సాయానికి ఒక కుర్రాడు ఉంటాడు. ఎనిమిది నెలల కిందట 18 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్లు, ఇంపాక్ట్ డ్రైవర్, రెండు బ్యాటరీలు ఉన్న సెట్టు కొన్నాను. ఏడాది వారంటీ ఇచ్చారు. ఐదో నెల నుంచే ఒక బ్యాటరీ చార్జింగ్ నిలవడం లేదు. పది స్క్రూలు బిగించేసరికి ఆగిపోతోంది. సర్వీస్ సెంటర్‌కి రెండుసార్లు తీసుకెళ్లాను. మొదటిసారి ‘బాగానే ఉంది’ అని తిరిగి ఇచ్చేశారు. రెండోసారి ‘మీరు వ్యాపారానికి వాడుతున్నారు, వారంటీ వర్తించదు’ అన్నారు. షాపాయన కంపెనీతోనే మాట్లాడుకోమంటున్నాడు. వ్యాపారానికి కొన్న వస్తువు మీద కన్స్యూమర్ కోర్టుకి వెళ్లలేవని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా? ఈసారి కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: మీకు తెలిసినవాళ్లు చెప్పింది సగం నిజం. ఆ మిగతా సగమే మీకు పనికొచ్చేది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) ప్రకారం, తిరిగి అమ్ముకోవడానికో వాణిజ్య ప్రయోజనానికో వస్తువు కొన్న వ్యక్తి వినియోగదారుడు కాడు. చాలామంది ఇక్కడికి చదివి ఆపేస్తారు. దాని కిందనే ఒక వివరణ ఉంది: స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొని, తానే వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. మీ డ్రిల్లు ఎవరి చేతిలో తిరుగుతోంది? మీ చేతిలోనే కదా. అయితే మీరు వినియోగదారుడే.

పక్కన కుర్రాడు ఉన్నాడని భయపడక్కర్లేదు. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి విడమరచి చెప్పింది. బతుకుదెరువు కోసం కొన్న ఆటోనో లేత్ మిషన్నో కొన్నవాడే నడుపుకుంటుంటే అతను వినియోగదారుడేనని, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని తేల్చింది. తమాషా ఏమిటంటే ఆ కేసు వేసినవాళ్లు మాత్రం ఓడిపోయారు. వాళ్లు కొన్న యంత్రం, చేసే ఉత్పత్తి పెద్ద ఎత్తున ఉండటంతో అది వాణిజ్యమే అని కోర్టు అంది. కాబట్టి గీత ఎక్కడుందో గమనించండి. పని మీరు చేస్తున్నారా, చేయిస్తున్నారా అన్నదే అసలు ప్రశ్న. పదిమందిని పెట్టుకుని, పదిహేను డ్రిల్లులు కొనిచ్చి, మూడు చోట్ల పని నడిపించే కాంట్రాక్టరు ఇదే ప్రశ్న అడిగితే నా జవాబు వేరుగా ఉండేది. ఆయన సరుకుల అమ్మకపు చట్టం, 1930 కింద సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి.

ఇంకో ధైర్యం కూడా ఉంది. కొన్నది వాణిజ్య ప్రయోజనానికే అని వాదించేవాళ్లే ముందు దాన్ని రుజువు చేయాలని 2024లో శ్రీరామ్ చిట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లు రుజువు చేయగలిగితే, అప్పుడు ‘ఇది నా జీవనోపాధి’ అని చూపించే బాధ్యత మీ మీదికి వస్తుంది. అందుకే ఫిర్యాదు మొదటి పేరాలోనే ఒక్క వాక్యం రాయండి: ‘నేను స్వయంగా వడ్రంగం పని చేసుకుని బతుకుతున్నాను, ఈ పనిముట్టును నేనే వాడుతున్నాను.’ ఈ ఒక్క ముక్క రాయకపోవడం వల్ల మొదటి వాయిదాలోనే చిక్కుల్లో పడ్డ ఫిర్యాదులు చూశాను.

ఇక అసలు మెలిక. సర్వీస్ సెంటర్‌వాళ్లు ‘వ్యాపార వాడకం’ అన్నప్పుడు చట్టం గురించి మాట్లాడలేదు. వారంటీ కార్డులోని షరతు గురించి మాట్లాడారు. ఈ రెండూ ఒకటి కావు. చట్టం దృష్టిలో మీరు వినియోగదారుడు అయినంత మాత్రాన, కార్డులో ‘గృహ వినియోగానికి మాత్రమే’ అని ఉన్న షరతు దానంతటదే చెరిగిపోదు. వినియోగదారుల కమిషన్ (మీరన్న కన్స్యూమర్ కోర్టు) తలుపు తెరుచుకుంటుంది, అంతే. లోపలికి వెళ్లాక గెలవాలంటే ఆ కార్డు, డబ్బా, ప్రకటన ఏం చెప్పాయో చూడాలి.

కార్డు బయటికి తీసి వెలుతురులో పెట్టి చదవండి. ‘గృహ వినియోగం’ అన్న మాటే లేకపోతే సర్వీస్ సెంటర్ చెప్పినదానికి ఆధారం లేదు, మీ కేసు బలమైనది. మాట ఉంది, కానీ డబ్బా మీద ‘ప్రొఫెషనల్’, ‘హెవీ డ్యూటీ’ అని పెద్ద అక్షరాలతో వేశారా? అప్పుడు ఇంకా మంచిది. పైన వృత్తిపనికి అని ఊరించి అమ్మి, లోపల చీమతలకాయంత అక్షరాల్లో వృత్తిపనికి కాదు అనడాన్ని తప్పుదోవ పట్టించే ప్రకటన అనీ, 2019 చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి అనీ వాదించవచ్చు. అలా కాకుండా డబ్బా మీదా కార్డులోనూ ఇంటి వాడకానికే అని సూటిగా రాసి ఉండి, తక్కువకి వస్తోందని మీరు అదే కొన్నారనుకోండి. నిజం చెప్పాలంటే కేసు బలహీనం. అప్పుడు కూడా షాపాయన ‘పర్లేదు, రోజంతా వాడుకోవచ్చు’ అని మెసేజ్‌లోనో బిల్లు మీదో రాసిచ్చి ఉంటే ఆయన్ని పట్టుకోవచ్చు. నోటిమాటగా అన్నదాన్ని నిలబెట్టడం కష్టం.

ఇప్పుడు ఏం చేయాలి? బ్యాటరీని మాత్రం ఎవరి చేతా విప్పించకండి. ఒకసారి నా దగ్గరికి ఒకాయన న్యూస్‌పేపర్లో చుట్టిన బ్యాటరీ ప్యాక్ పట్టుకొచ్చారు. సీలు స్టిక్కరు చిరిగిపోయింది, అయిదు సెల్స్‌లో రెండు కొత్తవి, రంగు కూడా వేరు. తెలిసిన మెకానిక్ మార్చాడట. అంతకుముందు అందులో తయారీ లోపం ఉండే ఉంటుంది. కానీ దాన్ని చూపించడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు. సీలు విప్పితే వారంటీ పోతుంది, సాక్ష్యమూ పోతుంది. పైగా అలా మార్చిన బ్యాటరీ అంటుకుని చెయ్యి కాలితే, వస్తువులో మార్పులు చేశారు కాబట్టి తమ బాధ్యత లేదని అదే చట్టంలోని సెక్షన్ 87 చూపించి అమ్మినవాళ్లు తప్పుకోవచ్చు.

తర్వాత, మూడోసారి సర్వీస్ సెంటర్‌కి వెళ్లి జాబ్ షీటు (మీ ఫిర్యాదును వాళ్లు రాసిచ్చే కాగితం) అడగండి. అందులో ‘కస్టమర్ కంప్లయింట్’ అన్నచోట ‘పనిచేయడం లేదు’ అని రాస్తే ఒప్పుకోవద్దు. ‘పూర్తిగా చార్జ్ అయ్యాక పది స్క్రూలకే ఆగిపోతోంది, రెండో బ్యాటరీతో మిషన్ బాగానే నడుస్తోంది’ అని రాయించండి. ఈ వాక్యం విలువ ఎంతో మీకు తర్వాత తెలుస్తుంది. లోపం మిషన్లో కాదు, మీ వాడకంలోనూ కాదు, ఆ ప్యాక్‌లోనే అని అది చెప్తుంది. రెండు బ్యాటరీలు ఒకేరోజు కొన్నవి, ఒకే చేతిలో వాడినవి, ఒకటే చెడిపోయింది. ఇంతకంటే మంచి పోలిక ల్యాబ్ కూడా ఇవ్వలేదు. వీడియో కూడా తీసి పెట్టుకోండి. చార్జర్ లైటు నిండినట్టు చూపించడం, ప్యాక్ మీది సీరియల్ నంబరు, స్క్రూలు లెక్కపెడుతూ బిగించడం, ఆగిపోవడం, అన్నీ ఒకే షాట్‌లో రావాలి.

ఆ పైన షాపుకీ కంపెనీకీ కలిపి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. లాయరే రాయాలని లేదు, తెలుగులో మీరే రాయొచ్చు. ‘కంపెనీతో మాట్లాడుకోండి’ అన్నంత మాత్రాన షాపాయన తప్పించుకోలేడు. అమ్మింది ఆయనే, బిల్లు ఇచ్చింది ఆయనే, ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. పదిహేను రోజుల గడువు ఇవ్వండి. ఈలోగా 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. కంపెనీలు చాలాసార్లు ఆ దశలోనే దిగివస్తాయి. ఒక బ్యాటరీ కోసం వాయిదాలకు తిరగడం వాళ్లకీ గిట్టుబాటు కాదు.

దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. మీరు ఉండే చోటో, పని చేసుకునే చోటో వేయొచ్చు. కంపెనీ ఆఫీసు ఉన్న నగరానికి పరుగెత్తక్కర్లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. ‘వచ్చే వారం రండి’ అని తిప్పుతూ ఉంటే ఆ రెండేళ్లూ కరిగిపోతాయి, జాగ్రత్త. బ్యాటరీ మార్చి ఇవ్వాలనో, ధర తిరిగి ఇవ్వాలనో అడగండి, దాంతోపాటు నష్టపరిహారం కూడా. పని ఆగిన రోజులకు లెక్క చూపించాలి. ఆ రోజుల్లో డ్రిల్లు అద్దెకు తెచ్చుకుంటే ఆ రసీదు చాలా పనికొస్తుంది. మనస్తాపానికి అని లక్షలు రాసేస్తే మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది. వస్తువును ల్యాబ్‌లో పరీక్షించాలని కమిషన్ అనుకుంటే ఆ ఖర్చు ముందు ఫిర్యాదుదారే కట్టాలి. జాబ్ షీట్లు గట్టిగా ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. చట్టం ప్రకారం కమిషన్ నోటీసు అవతలివాళ్లకి అందాక మూడు నెలల్లో, పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుందనుకుని ఓపిక పట్టండి.

రెండో ప్రశ్నకు వస్తాను. ఏ కంపెనీ మంచిది అని చెప్పడం నా పని కాదు. కానీ కొనే పద్ధతిలో చట్టం దాగి ఉంది. సరుకుల అమ్మకపు చట్టం సెక్షన్ 16 ప్రకారం, మీరు ఏ పనికి వాడతారో అమ్మేవాడికి చెప్పి, అతని అనుభవం మీద నమ్మకంతో కొంటే, వస్తువు ఆ పనికి పనికొచ్చేలా ఉండాలన్న షరతు దానంతటదే ఏర్పడుతుంది. మీరే వెళ్లి ‘ఫలానా కంపెనీ ఫలానా పేరున్న మోడల్ ఇవ్వండి’ అని అడిగి కొంటే ఆ షరతు వర్తించకపోవచ్చు. అందుకని ముందు పని చెప్పండి: రోజుకి ఇన్ని గంటలు, ప్లైవుడ్‌లో ఇంత సైజు స్క్రూలు, అప్పుడప్పుడు గోడకి కన్నాలు. ఆ ముక్కే మెసేజ్‌గా పంపి, జవాబు తెప్పించుకుని కొనండి. ఒకే కంపెనీ రెండు రకాలు చేస్తుంది. బాష్‌నే తీసుకోండి, వృత్తిపనివాళ్లకి నీలం రంగు, ఇంటి వాడకానికి ఆకుపచ్చ రంగు. రంగు చూడటం తెలిస్తే కార్డు చదవకముందే సగం సంగతి తెలిసిపోతుంది.

వోల్టుల దగ్గర మోసపోకండి. ‘20 వోల్ట్ మ్యాక్స్’, ‘18 వోల్ట్’ అనేవి చాలావరకు ఒకటే. అయిదు లిథియం సెల్స్ నిండుగా ఉన్నప్పుడు కొలిస్తే ఒక అంకె, మామూలు స్థాయిలో కొలిస్తే ఇంకోటి. ఇది అబద్ధం కాదు. కానీ పేరులేని చవక మిషన్ల మీద 48 అనీ 88 అనీ అంకె వేసి పక్కన ‘విఎఫ్’ అని తగిలిస్తారు. విప్పితే లోపల అవే అయిదు సెల్స్. ఇది తప్పుడు వర్ణనే, ఫిర్యాదు చేయదగ్గదే. చూడాల్సింది వోల్టులను బ్యాటరీ మీద రాసిన ఆంపియర్ అవర్లతో (Ah) గుణిస్తే వచ్చేది, బ్యాటరీలో పట్టే శక్తి అదే: 18 వోల్టులు, 4 ఆంపియర్ అవర్లు అంటే 72 వాట్ అవర్లు. 2 ఆంపియర్ అవర్ల ప్యాక్‌లో అందులో సగమే. బ్యాటరీ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు, డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా లేకపోతే రేపు నోటీసు ఎవరికి పంపాలో కూడా తెలియదు.

వారంటీలో మిషన్‌కి ఒక గడువు, బ్యాటరీకి, చార్జర్‌కి ఇంకో గడువు ఉండొచ్చు. మీ ‘ఏడాది’ రెండింటికీ వర్తిస్తుందో లేదో ఈరోజే చూడండి. మోటారు లోపలి కార్బన్ బ్రష్షుల్లాంటి అరిగే భాగాలను చాలా కార్డులు మినహాయిస్తాయి. బ్రష్‌లెస్ మోటారైతే ఆ గొడవ ఉండదు.

బిల్లు మీద ‘డ్రిల్ మిషన్ సెట్ - 1’ అని రాసి ఇస్తే ఊరుకోవద్దు. మోడల్ నంబరు, మిషన్ల సీరియల్ నంబర్లు, రెండు బ్యాటరీలవీ విడివిడిగా రాయించండి. లేకపోతే ‘ఈ బ్యాటరీ మా సెట్‌లోది కాదు’ అని తేలిగ్గా అనేస్తారు. బిల్లు మీ సొంత పేరు మీద తీసుకోండి. ఎంటర్‌ప్రైజెస్ పేరుతో, జీఎస్టీ నంబరుతో తీసుకుంటే హక్కు పోయినట్టు కాదు గానీ, అవతలి లాయరు మొదట చూపించే కాగితం అదే అవుతుంది.

మీ ఎనిమిది నెలల కిందటి బిల్లు థర్మల్ కాగితం మీద ఉంటే ఇవాళే జిరాక్స్ తీయించి, ఫోన్‌లో ఫొటో కూడా పెట్టుకోండి. పనిముట్ల పెట్టెలో ఎండకీ వేడికీ అక్షరాలు ఎగిరిపోతాయి. తెల్ల కాగితం చేతబట్టుకుని వచ్చినవాళ్లను చాలామందినే చూశాను.